గుడ్డ వద్దు, గుంజలు చాలు

మా ఊళ్లో ఎవరైనా పోతే మొదట తెలిసేది యముడికి, రెండోది నాకు. టెంట్‌హౌస్ నడిపేవాడి బతుకే అంత. ఏడుపు ఇంకా వీధి చివరకు చేరకముందే నాకు ఫోను వస్తుంది. షామియానా కావాలి, కుర్చీలు కావాలి, అన్నం గుండిగలు కావాలి. పోయింది ఎవరని అడగడం మా వ్యాపారంలో మర్యాద కాదు. గుడ్డ ఏ రంగుదని అడుగుతాను. తెల్లది అన్నారంటే ఇక రెండో ప్రశ్న ఉండదు.

మొన్న వచ్చిన ఫోనులో అవతలి మనిషి నేను అడగకముందే "తెల్లదే" అన్నాడు. దినాలకు కావాలన్నాడు. ఇల్లెక్కడో చెప్తుంటే నా నోట్లో ఉన్న వక్కపొడి అక్కడే ఆగిపోయింది. వనపర్తిలో ఆ సందు చివరి ఇల్లు కెమిస్ట్రీ సారుది. నేను పొరుగూరి పెళ్లికి సామాను తోలుకుని వెళ్లిన రోజే ఆయన పోయాడట. అంటే యముడి తర్వాత నేను కాదు, ఊరంతా అయ్యాక నేను. ఆ సంగతి ఇంకా మింగుడు పడలేదు.

ఆయన నాకు బళ్లో పాఠం చెప్పిన సారు కాదు. నేను ఏడో తరగతిలో కడుపునొప్పి అని చెప్పి బడి నుంచి ఇంటికొచ్చాను, ఆ నొప్పి ఇంకా తగ్గలేదు. ఆయన కాలేజీలో చెప్పేవాడు. అయినా ఆయన పాఠం నేను రెండు ఎండాకాలాలు విన్నాను. బెంచీ లేదు, హాజరు లేదు. పాన్‌గల్ దగ్గర ఒక మెట్ట చెలక గట్టు మీద నిలబడి విన్నాను.

మొదటిసారి ఆయన నా దుకాణానికి వచ్చింది శివరాత్రి వెళ్లాక, మిట్టమధ్యాహ్నం. నల్ల గొడుగు, మణికట్టు దాకా చొక్కా, చేతులకు బట్ట తొడుగులు, మెడచుట్టూ తువ్వాల. మా పాలమూరు ఎండలో అంత బట్ట కట్టుకుని తిరిగేది ఇద్దరే. ఒకరు పెళ్లికూతురు, రెండోది ఈ సారు. గొడుగు మూసినప్పుడు చూశాను. పెదాల చుట్టూ, చెవుల మీద బొల్లి మచ్చలు. ఆ మచ్చలను చూడనట్టు చూడటంలో మా దిక్కు జనం ఆరితేరినవాళ్లు. నేనూ ఆ కళ చూపించి గోడ మీది క్యాలెండరు కేసి తిరిగాను.

"గుంజలు కావాలె" అన్నాడు.

"ఏం కార్యం సార్?"

"కార్యం గిట్ల ఏం లేదు. ఎండకాలం అయ్యేదాంక కావాలె, పాన్‌గల్ కాడ."

"గుడ్డ ఏ రంగుది పంపాలె?"

"గుడ్డ వద్దు. గుంజలు చాలు."

సెలూన్‌కు పోయి, క్షవరం వద్దు, జర అద్దం చూసుకుని పోతానన్నట్టుంది. నీడ అమ్ముకునేవాడి దగ్గరకొచ్చి నీడ తప్ప మిగతావి ఇమ్మన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అది చూడటానికే ట్రాలీ ఆటోలో గుంజలతో పాటు నేనూ ఎక్కాను.

పనికిరాని చెలక ఎక్కడుందని ఆయన ఊళ్లో అడిగితే, ఊరు ఊరంతా ఏకగ్రీవంగా ఒక అవ్వ చెలక చూపించిందట. పాలకవర్గాలకు కూడా అంత ఐకమత్యం ఉండదు. ఎర్రమట్టి, గులకరాళ్లు, చుట్టూ ఆముదం. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమంటారు కదా, ఆ మాట మా దిక్కు నుంచే పుట్టి ఉంటుంది. ఆ మహావృక్షాల నడుమ రెండు వరుసల్లో ఏవో మొక్కలు, నా భుజం దాకా ఎదిగినవి. ఆకు పైన పచ్చన, కింద వెండి. గాలి వచ్చినప్పుడల్లా చెలక మొత్తం రంగు మార్చేది. ఆలివ్ చెట్లు అన్నాడు. నాకు తెలిసిన ఆలివ్ మెడికల్ షాపులో డబ్బాలో ఉండేది, పసిపిల్లలకు రాసేది. ఉత్తరాదిన హిమాలయాల దిక్కు నుంచి స్నేహితుడొకాయన ఎదిగిన మొక్కలే పంపాడట.

"నూనె తీస్తరా సార్?"

"నూనె రాదు. వీటికి చలి పడాలె, చలి పడనిదే పూత పట్టది. మన చలి వీటికి చలే కాదు."

"మరి పండ్లు?"

"పూతే లేకుంటే పండ్లేడివి?"

ఆముదం పండే చోట, కాయ కాయదని ముందే తెలిసిన చెట్టు పెట్టిన మనిషి. ఊరు ఆయనకు "ఉత్తచెట్ల సారు" అని పేరు పెట్టింది. అది నా పని అనుకునేరు, కాదు. నాకంటే ముందే పెట్టేశారు.

గుంజలు నాటాక అసలు సంగతి బయటపడింది. కూలగొట్టిన పాత ఇళ్ల నుంచి కిటికీ రెక్కలు కొనుక్కొచ్చాడు, అద్దాలతో సహా. వాటిని గుంజల మీద ఏటవాలుగా కట్టి ఒక వరుసకు కప్పు చేశాడు. రెండో వరుసను ఆకాశానికి వదిలేశాడు. షామియానా కడితే చల్లగా ఉండేది కదా అని నా వృత్తిధర్మం నేను చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. గుడ్డ అయితే వెలుగును కూడా ఆపుతుందట. ఎండలో వెలుగు వేరు, కాటు వేరట. ఆ కాటు కంటికి కనబడదు. అద్దం వెలుగును రానిచ్చి కాటును చాలావరకు బయటే నిలబెడుతుంది. కాటు పడ్డ ఆకు ఏం చేస్తుంది, పడని ఆకు ఏం చేస్తుంది, అదీ ఆయనకు కావాల్సింది.

"ఆకేం చేస్తది సార్, వాడిపోతది."

అప్పుడు చెప్పాడు ఆ మాట. తర్వాత ఎన్నిసార్లు విన్నానో. పిల్లలకు చెప్పాడు, ఆటో డ్రైవరుకు చెప్పాడు, ఒకసారి నా ముందే ఒక మేకకు కూడా చెప్పాడు.

"ఎండ కొడితే మనం నీడకు ఉరుకుతం. చెట్టు ఉరుకలేదు. ఉరుకలేనోనికే కెమిస్ట్రీ వస్తది."

ఎండ కాటు తగిలేకొద్దీ ఆకు తన లోపల మందులు చేసుకుంటుందట. ఆ మందులు పైపొరలో చేరి కాటును అక్కడే మింగేస్తాయి. చేదు కూడా అందులోని సరుకేనట. అందుకని ఆదివారం ఆదివారం వచ్చి రెండు వరుసల ఆకులూ నమిలేవాడు. తాను నమిలితే సరిపోయేదానికి, ఎదుటివాడికి కూడా పెట్టేవాడు. ఇంటికొచ్చిన చుట్టానికి చక్కెర పెట్టినట్టు. నమిలి ముఖం ఎంత ముడుచుకుంటుందో చూసి తల పంకించేవాడు. నా ముఖం ఆయనకు అప్పట్లో ప్రయోగశాల. నమలడం ఉట్టి అందాజాకే. అసలు పరీక్ష కాలేజీలో. ఆకు నూరి, రసం వడగట్టి, ఒక పసుపుపచ్చ మందు చుక్క వేస్తే సీసా నల్లబడేది. ఎంత నలుపో అంత సరుకు.

ఆకు కింద వెండిలా కనిపించేది రంగు కాదు, సన్నని పొలుసుల నూగు. అది కూడా ఎండ కాటుకు అడ్డమేనట. అది నిజమో కాదో చూడటానికి ఆయన అతుకుడు టేపు తీసుకుని, ఆకు కింద అంటించి, చర్రున పీకేవాడు. నూగు ఊడి వచ్చేది. ఆ ఆకులను ఎండకు తిప్పి దారంతో కట్టేవాడు. ఒక పెద్దమనిషి ఆదివారం పూట చెలకలో కూర్చుని ఆకులకు గడ్డం గీయడం చూసి, మా వీధి సెలూన్ ఆయనను రేపట్నుంచి తోలుకొస్తానన్నాను. ఆయన నవ్వలేదు. వచ్చే వారం గీసిన ఆకులన్నీ గోధుమరంగుకు మాడి ఉన్నాయి, గీయనివి బాగున్నాయి. అప్పుడు నవ్వాడు.

అవ్వ గురించి చెప్పాలి. చెలక ఆమెది, మాట ఆమెది, కొడుకు మాత్రం ఆమె మాట వినేవాడు కాదు, విన్నట్టు ఉండేవాడు. సారుకు చెలక ఇచ్చినప్పుడే ఒక ఒప్పందం ఉంది. ఈ ఎండాకాలం దాటి మృగశిర చినుకు పడేసరికి చెట్లు పీకేసి చెలక ఖాళీ చేయాలి. కొడుకు ఆముదం వేస్తాడు. సారుకు ఉన్నది ఆ ఒక్క ఎండాకాలమే. అందులో తేలితే తేలినట్టు, లేకుంటే ఉత్తచెట్ల సారు ఉత్త సారే.

వైశాఖం వచ్చింది. సీసాలు పక్కపక్కన పెట్టి చుక్క వేస్తే రెండు వరుసలూ ఒకే నలుపు. నమిలినా ఒకే చేదు. మొదట సారు పరేషాన్ అయ్యాడు. అద్దాలు కడిగాడు, మందు మార్చాడు, నా ముఖం మీద కూడా అనుమానపడ్డాడు. ఆ తర్వాత ఒక వారం ఉన్నట్టుండి వెలిగిపోతూ వచ్చాడు. చెట్లు ఒకదానికొకటి కబురు పంపుకుంటున్నాయన్నాడు. ఎండలో ఉన్న చెట్టు వేళ్లలోంచో గాలిలోంచో చెప్తే, అద్దం కింది చెట్టు కూడా జాగ్రత్తపడి చేదెక్కుతోందట. హైదరాబాదులో ఒక పెద్ద సారుకు ఫోనులో చెప్పానన్నాడు. కాలేజీలో అందరికీ చెప్పానన్నాడు. నాకైతే నమ్మకం కుదిరింది. మా వీధిలో ఒకరింట్లో కారం తింటే పక్కింట్లో చెమటలు పట్టడం నేను చూసినవాణ్నే.

ఆదివారం తప్ప ఎన్నడూ చెలకకు పోని సారును ఒక బుధవారం నేనే లాక్కుపోయాను. కొల్లాపూర్ దిక్కు ఒక పెళ్లికి గుంజలు తక్కువపడ్డాయి, చెలకలో మిగిలినవి తెచ్చుకోవాలి. దిగి చూస్తే అద్దాల కప్పు మొత్తం రెండో వరుస మీద ఉంది. సారు పెట్టిన వరుస బోడిగా ఎండుతోంది. అవ్వ ఇద్దరు కూలి ఆడవాళ్లతో కలిసి చివరి రెక్కకు తాడు బిగిస్తోంది. మమ్మల్ని చూసి కంగారు కూడా పడలేదు. రమ్మని పిలిచి, సాయం పట్టమంది.

సారు గొడుగు కింద నిలబడే అడిగాడు, ఇదేందవ్వా అని.

"ఏందేంది సారూ? బాయి నీళ్లకు వంతు ఉన్నట్టే నీడకు వంతు ఉండదా? పెట్టినకాడి నుంచి గా ఒక్క వరుసకే నీడ పెడితివి. గీ వరుస ఏం పాపం జేసింది? నడుమ నాలుగొద్దులు వీటికి పెడుతున్న. మల్ల నువ్వొచ్చేయాల్లకు నీ జాగల నీకు పెడుతున్న. ఒకరి సొమ్ము జరిపితే జరిపిన జాగలనే పెట్టాలె గదా."

అవ్వ బావిలో నలుగురు పాలివాళ్లకు వంతులున్నాయి. ఆ వంతు తప్పితే మా దిక్కు తలలు పగులుతాయి. అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా వంతు మాత్రం మాట్లాడుకుంటుంది. ఆమె పుట్టినప్పటి నుంచి చూసిన న్యాయం అదొక్కటే. దాన్ని చెట్లకు కూడా ఇచ్చింది. ఆదివారం సారు వచ్చేలోపు, శనివారం సాయంత్రమే తిరిగి సర్దడం ఆమె మర్యాద.

సారు గట్టు మీద కూలబడ్డాడు. నేనే కదిపాను.

"మరి చెట్లు కబురు పంపుకునుడు సార్?"

"చెట్లు ఏం జెప్పుకోలేదు షామియానా. అవ్వ జెప్పలేదు, గంతే."

ఆయన నన్ను షామియానా అనే పిలిచేవాడు. నా పేరు ఆయనకు తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మృగశిరకు పట్టుమని ఇరవై రోజులు కూడా లేవు. ఆకులు కొత్తగా వచ్చి, ముదిరి, తేడా చూపించాలంటే అది చాలదు. గొడుగు మూసి లేచి, అవ్వా, ఇగ అయిపాయె, మీ కొడుకును దున్నుకోమను అన్నాడు. కొడుకు అక్కడే ఉన్నాడు. ఆ మాటకు ఎంత సంతోషపడ్డాడంటే ఆముదం అప్పుడే మొలకెత్తినట్టు చూశాడు.

అవ్వకు విషయం విడమరిచి చెప్పాల్సి వచ్చింది. కెమిస్ట్రీ జోలికి పోలేదు నేను. సారు వంతు నువ్వు వేరేవాళ్లకు పెట్టినవు అవ్వా, ఆయన మడి ఎండిపాయె అన్నాను. అది ఆమెకు సూదిలా దిగింది. చేతిలోని తాడు కింద పెట్టింది.

"ఒకల వంతుల కరెంటు పోతే మల్లొక వంతు ఇస్తమా లేదా?" అని కొడుకును అడిగింది.

"ఇస్తం గానీ అమ్మా, గది నీళ్లకు..."

"వచ్చే ఎండకాలం గూడ సారుదే. ఆముదం నడుమ నడుమ పెట్టుకో."

కొడుకు నోరు తెరిచాడు. బాయి తవ్విననాడు నువ్వు పుట్టలే, మూస్కో అంది. మూసుకున్నాడు. పదేళ్లు కాలేజీలో పనిచేసినా సెలవు దొరకని సారుకు అలా ఒక ఎండాకాలం మంజూరైంది, దరఖాస్తు లేకుండా.

రెండో ఎండాకాలం అద్దాలు కదల్లేదు. అవ్వ కాపలా కాసింది, పిట్ట కూడా వాటి నీడలో వాలకుండా. చెట్ల మీద జాలి మాత్రం పోలేదు. ఎండ వరుస పక్కన పోతూ, ఓర్చుకోండ్రి బిడ్డా, సారు పని అయ్యేదాంక అని చెప్పేదట. ఎండాకాలం నడిమధ్యలో అద్దం వరుసలో ఒక చెట్టు చెదలు పట్టి పోయింది. దాని కిటికీ రెక్క ఒకటి మిగిలింది.

ఆ ఆదివారం మేం వెళ్లేసరికి ఆ మిగిలిన రెక్క గట్టు దగ్గర, సారు ఎప్పుడూ కూర్చునే బండరాయి మీద, నాలుగు గుంజలకు కట్టి ఉంది. ఇక్కడ చెట్టు లేదు కదా, ఇదెవరికి అన్నాడు సారు.

"నీకే. గియ్యాల నీ వంతు" అంది అవ్వ. "గిన్నొద్దులు అందరికి పెడితివి."

సారు తలెత్తి ఆ అద్దం కేసి చూశాడు. ఆయన గొడుగు మూసి, రాయి మీద కూర్చున్నాడు. తువ్వాల తీశాడు. చేతి తొడుగులు ఒక్కొక్కటి ఊడదీశాడు. చొక్కా చేతులు మోచేతి పైకి మడిచాడు. ముంజేతులు రెండూ తెల్లగా, మొదటి తడవ లోకం చూస్తున్నట్టున్నాయి. ఎండ అద్దంలోంచి వచ్చి వాటి మీద పడింది.

అప్పుడు చెప్పాడు. గద్వాలలో వాళ్లది మగ్గం ఇల్లు. రంగు వేసిన పట్టు నూలును వాళ్ల నాయన ఎప్పుడూ నీడలోనే ఆరేసేవాడు, ఎండ రంగును తింటుందని. పిల్లాడికి మచ్చలు రాగానే మాత్రం హకీము మాట విని, బావంచాల గింజలు నూరి ఒంటికి పూసి, ఎండలో కూర్చోబెట్టాడు. ఎండకే రంగు తిరిగి వస్తుందట. నూలుకు ఒక న్యాయం, కొడుక్కు ఒక న్యాయం. రంగు రాలేదు, బొబ్బలు వచ్చాయి. అప్పటి నుంచి ఎండంటే పరుగే. పరుగెత్తి పరుగెత్తి కెమిస్ట్రీలో పడ్డానన్నాడు.

ఆ మాటల నడుమ నా నాలుక చివర ఒక జోకు వచ్చి నిలబడింది. చెడ్డ జోకు. దాన్ని వెనక్కి మింగుతున్నాను. ఆయన నా ముఖం చదివాడు. ఆకులు నమిలించి నమిలించి ఆ ముఖం ఆయనకు కంఠతా వచ్చేసింది.

"ఏం షామియానా, నా చెయ్యి మీద గూడ చుక్కేసి సూద్దామా, నల్లబడతదేమో?"

నా జోకు, నాకంటే ముందు, నాకంటే బాగా. జీవితంలో నేను ఓడిపోయింది ఆ ఒక్కరోజు. అవ్వకు జోకు అర్థం కాలేదు, మేం నవ్వుతున్నామని తనూ నవ్వింది. సారు చాయ తాగి, ఇంకో చాయ తాగి, ఎండ వాలేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆ రోజు ఒక్క ఆకు కూడా కోయలేదు.

సీసాల సంగతి అడగండి. ఈసారి ఎండ వరుస సీసా డికాషన్‌లా నల్లబడింది, అద్దం వరుసది నీళ్ల చాయ. చూపించడానికి రెండింటినీ నా దుకాణం దాకా తెచ్చాడు. తర్వాత హైదరాబాదు పోయి వచ్చాడు. వచ్చిన రోజు సాయంత్రం నా కుర్చీల్లో ఒక కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు. ఈ సంగతి యూరపు దిక్కు వాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారట. నూగు పీకడంతో సహా.

నాకు ఒళ్లు మండింది. రెండు ఎండాకాలాలు చేదు నమిలింది నేను. మరి మనం చేసిందంతా దండుగేనా సార్ అన్నాను.

"పొద్దు నిన్న గూడ పొడిసింది. ఇయ్యాల పొడిస్తే దండుగనా?"

గుంజలు తిరిగి పంపాడు. చెట్లు మాత్రం పీకలేదు. ఆముదం నడుమ అలాగే ఉన్నాయి, పూత లేదు, కాయ లేదు. ఎవరో షుగరుకు ఆ ఆకు మంచిదని పుకారు పుట్టించారు. ఒట్టు, నేను కాదు. ఉత్తచెట్లని నవ్విన ఊరే ఇప్పుడు పొద్దున్నే అవ్వ చెలకలో వరుస కడుతుంది. అవ్వ వంతుల వారీగా తెంపనిస్తుంది.

దినాల రోజు పొద్దున్నే పోయి సారు వాకిట్లో తెల్ల షామియానా నేనే దగ్గరుండి కట్టాను. పనివాళ్లకు వదల్లేదు. మూడు దిక్కులా పక్క పరదాలు దింపాను. ఎక్కడా ఎండ పొడ కూడా లేదు. ఇంత సాఫుగా నేను మంత్రి గారి మీటింగుకు కూడా కట్టలేదు. నడుమ ఫోటో పెట్టారు, దండ వేశారు. ఫోటోలో కూడా మణికట్టు దాకా చొక్కానే.

ఎనిమిది దాటాక అవ్వ బస్సు దిగి వచ్చింది. చేతిలో ఆలివ్ రెమ్మ ఒకటి. ఫోటో ముందు పెట్టి, సారు భార్య చేయి పట్టుకుని కొంచెంసేపు కూర్చుంది. అక్కణ్నుంచి లేచి నా దగ్గరకొచ్చింది. తలెత్తి నా షామియానా ఈ మూల నుంచి ఆ మూలకు చూసింది. ఎంత బాగా కట్టావని అంటుందనుకున్నాను.

"ఏం కట్టినవురా కొడుకా, అంత గుడ్డనే. ఆయనకు ఎండంటె పాయిరం. జర అద్దమన్న పెట్టకపోతివి."

పాయిరమంటే ప్రేమ. గొడుగు దించని ఆయన వెంట రెండు ఎండాకాలాలు తిరిగినవాణ్ని, ఆయన ఎండకు భయపడ్డాడనే అనుకున్నాను. ఆమెకు మాత్రం అద్దం కింద ఆయనను చూసిన ఆ ఒక్క మధ్యాహ్నం చాలింది.

అద్దం ఎక్కడ తేను? పోయి తూర్పు దిక్కు పరదా తాళ్లు విప్పాను. పనివాడొకడు పరుగెత్తుకొచ్చాడు, అన్నా, అందరి మీద ఎండ పడుతది అని. పడనీయ్ అన్నాను. కుర్చీల్లో ఉన్నవాళ్లు కొంచెం కొంచెం జరిగారు. ఎండ నేల మీద పాకుతూ పోయి, రెమ్మ మీద పడి, ఫోటో ఎక్కింది.

ఇన్నేళ్ల వ్యాపారంలో ఒక కార్యానికి నేను ఎండ సప్లై చేసింది అదొక్కసారే.